విశ్వేశ్వరయ్య గారి గవర్నర్

టైటిల్ చూసి రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ అనుకోకండి. ఆ గవర్నర్‌కీ ఈ వ్యాసానికీ సంబంధం లేదు.

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ రివ్యూలో నా బోర్డు అందరి ముందూ హ్యాంగ్ అయిపోయింది. ప్రాజెక్ట్ పెద్దదేం కాదు. లినక్స్ కెర్నెల్‌లో డెవ్‌ఫ్రీక్ అని ఒక భాగం ఉంది. మెయిన్ ప్రాసెసర్ సంగతి చూడడానికి సీపీయూఫ్రీక్ అని వేరేది ఎప్పటినుంచో ఉంది. డెవ్‌ఫ్రీక్ మిగతా పరికరాల సంగతి చూస్తుంది, అంటే గ్రాఫిక్స్ చిప్పు, మెమరీ బస్సు లాంటివి. పని ఎక్కువ ఉంటే వాటి వేగం పెంచాలి, లేకపోతే తగ్గించాలి. వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గించొచ్చు. ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బ్యాటరీకి మంచి లాభం. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అని నిర్ణయించే ముక్క పేరు గవర్నర్. ఆవిరి ఇంజను వేగం హద్దు దాటకుండా జేమ్స్ వాట్ పెట్టిన తిరిగే గుండ్ల పరికరాన్ని కూడా గవర్నర్ అనే అనేవారు. పేరు పాతదే, పని కూడా అదే.

నేను నా సొంత గవర్నర్ రాశాను. పని 90 శాతం దాటితే వేగం పెంచు, 90 కంటే తగ్గితే తగ్గించు. అంతే. రాసినప్పుడు చాలా నీట్‌గా అనిపించింది. కానీ వేగం పెంచగానే అదే పని తక్కువ శాతంగా కనిపిస్తుంది, కాబట్టి నా కోడ్ వెంటనే తగ్గించేస్తుంది. తగ్గించగానే మళ్లీ 90 దాటుతుంది. రివ్యూలో లోడు సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంది. వేగం పైకీ కిందకీ కొట్టుకుని, స్క్రీన్ వణికి, ఆగిపోయింది.

ఆ రాత్రి మెస్‌లో నా ఏడుపు విని ఒక సివిల్ సీనియర్ అన్న నవ్వాడు. నా సమస్యని 1903లోనే ఒకాయన ఇనుముతో, నీళ్లతో పరిష్కరించాడని చెప్పాడు. ఆయనెవరో మన కాలేజీలో అందరికీ తెలుసట, ఏటా సెప్టెంబర్ 15న ఆయన ఫోటోకి దండ వేస్తాం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంజనీర్స్ డే సంచికకి ఎవరైనా ఆయన జీవితం రాయండని క్లబ్ వాళ్లు అడిగితే నేను చెయ్యెత్తింది అందుకే.

వాట్సాప్‌లో తిరిగే కొవ్వొత్తి కథ, రైలు చైను కథ ఇక్కడ రాయట్లేదు. అవి చదివీ చదివీ ఆయన మనకి క్యాలెండర్ బొమ్మ అయిపోయారు. నాకు కావాల్సింది ఆయన చేసిన గేటు.

ముందు ఊరి సంగతి. మోక్షగుండం మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న ఒక పల్లె. ఆయన పూర్వీకులు తరాల కిందట అక్కడినుంచి మైసూరు వైపు వెళ్లిపోయారు, ఇంటిపేరులో ఊరు మాత్రం మిగిలింది. తెలుగు కుటుంబమే. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. పుట్టిన రోజు సెప్టెంబర్ 15 అని అందరూ ఒప్పుకుంటారు. సంవత్సరం దగ్గర పుస్తకాలు రెండుగా చీలిపోయాయి, కొన్నిటిలో 1860, కొన్నిటిలో 1861. ఏది తీసుకున్నా నూరేళ్లు దాటుతాయి, ఎందుకంటే ఆయన 1962 ఏప్రిల్ దాకా ఉన్నారు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో డబ్బు లేదు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో డిగ్రీ చదువుతూ పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఫీజు కట్టుకున్నారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూణే సైన్సు కాలేజీలో ఇంజనీరింగ్ చేరారు, 1883లో బొంబాయి ప్రెసిడెన్సీకే ఫస్ట్ వచ్చారు. ఇక్కడ నేను కాస్త ఆగాను. మా క్లాసులో సగంమందికి స్కాలర్‌షిప్పో ఫీజు రీయింబర్స్‌మెంటో ఉంది. అది రావడం ఆలస్యమైతే హాల్ టికెట్ దగ్గర ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఆయన ర్యాంకు కంటే ట్యూషన్ల సంగతి నాకు దగ్గరగా అనిపించింది.

1884లో బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజనీర్. నాసిక్, ఖాందేశ్ ప్రాంతాలు. తర్వాత సింధు నది ఒడ్డున సుక్కూరు. అక్కడ సింధు నీళ్లంటే బురద. ఆ బురదని పైకి తోడి శుభ్రం చేయడం ఖర్చు. ఆయన నది దగ్గరే ఇసుకలో బావులు తవ్వించి, ఇసుక గుండా ఊరి వచ్చిన తేట నీళ్లని పైకి పంపించారు. నదిలో ఉన్న ఇసుకే ఫిల్టర్. ఈ మనిషి పద్ధతి నాకు అక్కడే కొంచెం అర్థమైంది. కొత్తగా ఒక యంత్రం తెచ్చి పెట్టే ముందు, ఎదురుగా ఉన్న వస్తువు ఆ పని తానే చేస్తుందేమో చూసేవారు.

ఆ తర్వాత పూణే. ఆ ఊరికి నీళ్లిచ్చేది ముఠా నది మీద ఖడక్‌వాస్లా డ్యామ్. అప్పట్లో ఆ చెరువుని లేక్ ఫైఫ్ అనేవారు. ఊరు పెరుగుతోంది, నీళ్లు చాలట్లేదు, వానాకాలంలో మాత్రం మిగులు నీళ్లు మత్తడి మీదుగా దుంకి పోతున్నాయి. మత్తడి ఎత్తు పెంచేస్తే సరిపోదా అని నేనూ అనుకున్నా. సరిపోదు. మత్తడి అనేది మిగులు నీళ్లు పోయే దారి. దాన్ని గోడతో ఎత్తు చేస్తే వరద వచ్చిన రోజు నీళ్లు డ్యామ్ మీదకే ఎక్కుతాయి. ఆ డ్యామ్ అంత ఎత్తు నీళ్లకి కట్టింది కాదు. మరి గోడ బదులు గేట్లు పెడితే? పెట్టొచ్చు. కానీ వరద అర్ధరాత్రి వస్తుంది. గేటు ఎత్తాల్సిన మనిషి నిద్రలో ఉండొచ్చు, జ్వరంతో ఉండొచ్చు, లేదా గేటు దాకా వచ్చే దారే మునిగి ఉండొచ్చు.

ఆయన ఏం చేశారంటే గేటుకి ఎదురు బరువు కట్టారు, రెండూ త్రాసులో ఉన్నట్టు సరితూగుతూ ఉంటాయి. పక్కన ఒక బావి. చెరువు నీళ్లు అనుకున్న మట్టం దాటి పైకి వస్తే, ఆ ఎక్కువైన నీళ్లు బావిలోకి పడతాయి. దాంతో తూకం చెడుతుంది, గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. వరద పోయి మట్టం తగ్గితే బావి ఖాళీ అవుతుంది, తూకం మళ్లీ కుదురుతుంది, గేట్లు మూసుకుంటాయి. చెరువు కట్ట ఎత్తు ఒక్క అడుగు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలబెట్టారు. దీనికి పేటెంట్ తీసుకున్నారు, 1903లో ఖడక్‌వాస్లాలో బిగించారు. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యామ్‌లో, మైసూరు కృష్ణరాజ సాగర్‌లో కూడా ఈ రకం గేట్లే పెట్టారు.

నా రివ్యూలో పోయింది ఇదిగో ఇక్కడే ఉంది. బావి నిండడానికి టైం పడుతుంది, ఖాళీ అవడానికి టైం పడుతుంది. నీళ్లు మట్టం దగ్గర అటూ ఇటూ ఊగినంత మాత్రాన గేటు టపటపా కొట్టుకోదు. కెర్నెల్‌తో వచ్చే సింపుల్ ఆన్‌డిమాండ్ అనే గవర్నర్ కూడా అదే చేస్తుంది. పని 90 శాతం దాటితే వేగాన్ని పైదాకా పంపుతుంది. 90కి, 85కి మధ్య ఉంటే ఏమీ చేయదు, ఉన్నచోటే ఉంచుతుంది. 85 కంటే తగ్గితేనే పనికి తగ్గట్టు వేగాన్ని కిందకి దించుతుంది. మధ్యలో ఆ 5 శాతం ఏమీ చేయకపోవడమే అసలు తెలివి. నేను కోడ్ చిన్నదవుతుందని దాన్ని తీసేశాను. 2011లో శాంసంగ్ ఇంజనీర్లు డెవ్‌ఫ్రీక్ రాసి పంపినప్పుడు, లినక్స్ 3.2లో అది చేరినప్పుడు, ఆ అంకెలు ఊరికే పెట్టలేదన్నమాట.

ఇంకో తేడా కూడా ఉంది. అది మాత్రం ఆయన గేటుదే పైచేయి. మన గవర్నర్ కొన్ని మిల్లీసెకన్లకొకసారి లేచి లోడు ఎంతుందో చూస్తుంది, మధ్యలో ఏం జరిగినా దానికి తెలియదు. ఆయన గేటు చూడడం అంటూ ఏమీ లేదు. నీళ్లే వచ్చి చెబుతాయి.

1899 ప్రాంతంలో దక్కన్ కాలువల కింద ఆయన బ్లాక్ సిస్టం అని ఇంకోటి పెట్టారు. భూముల్ని బ్లాకులు చేసి వంతుల ప్రకారం నీళ్లు వదలడం. మన ఓఎస్ క్లాసులో చెప్పే టైం స్లైసింగ్ లాంటిదే కానీ దాని గురించి ఇంకో సంచికలో. అసలు కథ మన ఊరిది.

మన కాలేజీ ఎక్కడుందో ఒకసారి మ్యాప్‌లో చూడండి. చేవెళ్ల నుంచి మర్రిచెట్ల కింద వచ్చే రోడ్డు మొయినాబాద్ దాటి హైదరాబాద్ వైపు పోతుంది. ఆ రోడ్డుకి ఒకవైపు చిలుకూరు బాలాజీ గుడి, గుడి అవతల గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్, అది మూసీ మీద. ఇంకోవైపు హిమాయత్ సాగర్, అది ఈసీ మీద. మనం రెండు చెరువుల మధ్య ఉన్నాం. వీసా కోసం గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసే సీనియర్లు చాలామందే ఉన్నారు, ఆ పక్కన కనిపించే నీళ్లు ఎవరి ఆలోచనో అడిగితే ఒక్కరు చెప్పలేదు. నేను కూడా రివ్యూ పోయాకే తెలుసుకున్నాను, అందుకని ఎక్కువ మాట్లాడను.

1908 సెప్టెంబర్ చివర్లో ఈ వైపంతా కుండపోత. అప్పుడు మూసీకి హైదరాబాద్ పైన ఉన్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవి, ఇంచుమించు చదరపు మైలుకి ఒకటి. మన తాతల మాటలో గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దుంకితే కింద చెరువు నిండుతుంది. మామూలు వానకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ ఆ వానకి పైన ఒకటి తెగింది, ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింద దాని మీద పడ్డాయి, అదీ తెగింది. రెండు వందలకి పైగా చెరువులు తెగాయి. సెప్టెంబర్ 28న ఆ నీళ్లన్నీ నగరం మీద పడ్డాయి. అఫ్జల్ గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి, పాతకాలపు పురానాపూల్ నిలబడింది. చనిపోయినవాళ్లు వేలల్లో, 15,000 అని చాలాచోట్ల రాస్తారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ ఒక్క రోజులో పోగొట్టుకున్నాడు.

విశ్వేశ్వరయ్య గారు అప్పటికి బొంబాయి ఉద్యోగం వదిలేశారు. ఎంత పని చేసినా చీఫ్ ఇంజనీర్ కుర్చీ భారతీయుడికి దక్కే రోజులు కావవి. విదేశాలు తిరుగుతూ ఇటలీలో ఉండగా నిజాం ప్రభుత్వం నుంచి కబురు వెళ్లింది. తిరగాల్సినవి తిరిగి, 1909లో హైదరాబాద్ వచ్చారు. అప్పటి నిజాం ఆరో మహబూబ్ అలీ ఖాన్.

వచ్చి మొదట నది ఒడ్డున గోడ కట్టించమనలేదు. లెక్కలు తీయించారు. ఎక్కడెక్కడ ఎంత వాన పడింది, ఏ చెరువు ఎంత పెద్దది, ఏది తెగింది, ఏది నిలబడింది, నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయి. 788 అనే అంకె మనకి తెలిసింది ఆ లెక్కల వల్లే. మా ప్రొఫెసర్ పదే పదే చెప్పేది కూడా అదే, ముందు ప్రొఫైల్ చేయండి, తర్వాత ట్యూన్ చేయండి అని. మేము మాత్రం ముందు ట్యూన్ చేసి, చెడిపోయాక ప్రొఫైల్ చేస్తాం.

లెక్కల తర్వాత ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది. నగరంలో ఎంత గోడ కట్టినా అంత నీరు పట్టదు, కాబట్టి నగరానికి పైనే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు. వరద వస్తే అవి మింగి, నది భరించగలిగినంత మెల్లగా కిందకి వదలాలి. నగరంలో ఒడ్డు ఎత్తు పెంచి రోడ్లూ పార్కులూ వేయాలి. మురుగు నీళ్లకి భూమి లోపల డ్రైనేజీ. డ్రైనేజీ మాట అప్పుడు డబ్బు దగ్గర ఆగింది, ఆ పని మీద 1920ల్లో మళ్లీ ఆయన్ని పిలిపించారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉస్మాన్ సాగర్ కట్టించింది ఆయన అని నెట్‌లో చాలామంది రాస్తారు. ఆయన రిపోర్ట్ ఇచ్చి 1909 చివర్లోనే మైసూరు చీఫ్ ఇంజనీర్‌గా వెళ్లిపోయారు. కట్టింది ఇక్కడి ఇంజనీర్లు, ఇక్కడి కూలీలు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో. ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్ సాగర్ 1927లో. నేను రాసిన కోడ్ ఎవరో రన్ చేస్తే నాకు ఎలా ఉంటుందో కానీ, నేను చెప్పిన డిజైన్ ఇంకొకళ్లు పద్దెనిమిదేళ్లు కూర్చుని కట్టడం అంటే ఊహకి అందట్లేదు.

ఇప్పుడు కష్టమైన విషయం. ఆయన ఆలోచనలో ఈ చెరువులు వరద కోసం. వరద చెరువు అంటే ఖాళీగా ఉండాలి, కనీసం పైభాగం. కానీ నగరానికి తాగునీళ్లు కూడా ఇవే అయ్యాయి. తాగునీళ్ల చెరువు అంటే నిండుగా ఉండాలి. గండిపేట ఫుల్ ట్యాంక్ లెవెల్ 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు. ఆ అంకెకి దగ్గరగా వస్తే పేపర్లో నిండుకుండ అని సంబరంగా రాస్తారు, మనమూ బైకులేసుకుని సెల్ఫీలకి పోతాం. సెప్టెంబర్ చివర్లో నిండుకుండ అంటే 1908 లాంటి వాన వస్తే మింగడానికి చోటు లేదని కూడా అర్థం. డెవ్‌ఫ్రీక్‌లో కూడా ఈ గొడవే. ఎప్పుడూ పైవేగంలో ఉంచే పర్ఫామెన్స్ గవర్నర్ ఉంది, ఎప్పుడూ కిందే ఉంచే పవర్‌సేవ్ ఉంది, రెండూ రాయడం చాలా ఈజీ. మధ్యలో ఉండడమే కష్టం. ఇంకా పెద్ద చిక్కేంటంటే ఏ ఆన్‌డిమాండ్ గవర్నరైనా జరిగిపోయిన లోడుని చూసే నిర్ణయం తీసుకుంటుంది. నీళ్లు వచ్చాక గేటు తెరవగలదు, నీళ్లు రాకముందే చోటు ఖాళీ చేయలేదు. అది మనుషులే ముందుగా చేయాలి.

2020 అక్టోబర్ 13 రాత్రి నేను అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాను, చాదర్‌ఘాట్ దగ్గర ఒక గల్లీలో. ఎనిమిదో తరగతి, ఆన్‌లైన్ క్లాసులు. పైన రెండు చెరువులకీ నీళ్లు ముంచుకొస్తున్నాయని టీవీలో స్క్రోలింగ్. ఈ రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్‌లో కలుస్తాయి, కాబట్టి రెండూ ఒకేసారి వదిలితే కింద ఉన్నవాళ్లకి రెండూ కలిపే వస్తాయి. కెర్నెల్‌లో పాసివ్ అని ఒక గవర్నర్ ఉంది, అది పక్క పరికరం ఏం చేస్తుందో చూసి తన వేగం మార్చుకుంటుంది. అది ఎందుకు పెట్టారో నాకు బాపూఘాట్ తలచుకుంటే అర్థమవుతుంది. ఆ రాత్రి గల్లీలో మోకాలి దాకా వచ్చాయి. తాతయ్య రేషన్ బియ్యం బస్తా మంచం మీద పెట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టారు. నా కంటే బస్తా ముఖ్యమని అప్పుడు కోపం వచ్చింది. ఆ వారంలోనే గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, పాతబస్తీ వైపు గుర్రం చెరువు తెగాయి. మనుషులు పోయారు. 112 ఏళ్ల తర్వాత కూడా చెరువు తెగడమే.

అందుకే ఇక్కడి భూముల గొడవ నాకు రియల్ ఎస్టేట్ వార్తలా అనిపించదు. 1996లో 111 జీవో వచ్చింది, రెండు చెరువుల చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దని. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ వైపు ఊళ్లు అందులో ఉన్నాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నది చేవెళ్ల వైపు రెండెకరాలు, టమాట వేస్తారు. ఆయనకి భూమి రేటు రావడం తప్పని నేను ఎలా అంటాను? పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే ఈయన ఒక్కడే నగరం కోసం టమాట పండించాలా? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం తెలుసు, కుంటలు పూడ్చి ప్లాట్లు చేస్తే వాన నీళ్లు చెరువుకి వచ్చే వేగం మారిపోతుంది. గవర్నర్ అదే ఉంటుంది, లోడు వేరే అయిపోతుంది.

విశ్వేశ్వరయ్య గారి మిగతా జీవితం మైసూరులో. కృష్ణరాజ సాగర్ కట్టేటప్పుడు కావేరి నీళ్ల మీద మద్రాసుతో తగాదా, 80 అడుగుల ఎత్తుకే అనుమతి వచ్చింది. ఆయన పునాదిని మాత్రం 124 అడుగుల డ్యామ్‌కి సరిపడేంత వెడల్పుగా వేయించారు. తర్వాత అనుమతి వచ్చింది, డ్యామ్ ఆ ఎత్తుకే లేచింది. రూల్ తప్పారని అనేవాళ్లు అనొచ్చు, నాకైతే మెచ్చుకోవాలనిపిస్తుంది. పునాది తర్వాత వెడల్పు చేయలేం కదా.

1912 నుంచి 1918 దాకా దివాన్. బ్యాంకు, మైసూరు యూనివర్సిటీ, బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ, భద్రావతి ఇనుము ఫ్యాక్టరీకి మొదలు, అన్నీ ఆ ఆరేళ్లలోనే. వాటి లిస్టు మీకు గూగుల్‌లో దొరుకుతుంది. దొరికినా ఎవరూ ఆగి చదవనిది ఆయన ఎందుకు దిగిపోయారన్నది. మహారాజు బ్రాహ్మణేతరులకి ఉద్యోగాల్లో వాటా ఇవ్వడం గురించి చూడమని మిల్లర్ కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్య గారికి అది నచ్చలేదు, ప్రతిభే కొలత అన్నది ఆయన పట్టు, పదవి వదిలేశారు. ఇక్కడ నేను ఆయన పక్కన నిలబడలేను. నేను ఈ సీటులో కూర్చున్నది రిజర్వేషన్ వల్లే. లోడు కొలవాలంటే ముందు ఆ పరికరం మీటర్‌కి కలిపి ఉండాలి. కలపని దాని దగ్గర రీడింగ్ ఎప్పుడూ సున్నానే వస్తుంది, అది పని చేయట్లేదని కాదు. చెరువు చెరువుకీ వెళ్లి లెక్క తీయించిన మనిషి ఈ లెక్క ఎందుకు తీయించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1955లో భారతరత్న వచ్చింది. 1934లోనే దేశానికి ప్రణాళిక కావాలని పుస్తకం రాశారు, 1951లో తన పని గురించి ఇంకో పుస్తకం. తొంభై ఏళ్ల వయసులో కూడా సూటు, తలపాగా, టైం అంటే టైం. ఫోటోలో మనకి కనిపించేది ఆ ముసలాయనే. మూసీ లెక్కలు తీసేటప్పుడు మాత్రం ఆయనకి యాభై కూడా నిండలేదు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో పోయారు. పుట్టిన ముద్దేనహళ్లిలోనే స్మారకం ఉంది.

మన వైపు ఖైరతాబాద్‌లో ఆయన విగ్రహం ఉంది, ట్రాఫిక్‌లో పడి ఎవరూ తలెత్తి చూడరు. గండిపేటకి 15 గేట్లు, హిమాయత్ సాగర్‌కి 17. వాటిని ఈరోజు కూడా వాన చూసి, లెవెల్ చూసి, మనుషులే అడుగో రెండడుగులో ఎత్తుతారు. అర్ధరాత్రి వానలో ఆ డ్యూటీలో ఉండేవాళ్ల మీద నాకు చాలా గౌరవం పెరిగింది.

నా గవర్నర్‌లో 5 శాతం ఖాళీ మళ్లీ పెట్టాను. సప్లిమెంటరీ రివ్యూలో నలభై నిమిషాలు నడిచింది, ఒక్కసారి కూడా వణకలేదు.

ఈ జులై నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే మొదట అడిగేది తిన్నావా అని కాదు, గండిపేట ఎంత నిండింది అని. నేను ఆ రోజు లెవెల్ చూసి చెప్తాను, 1790కి ఇంకా ఎన్ని అడుగులు ఉందో. ఎక్కువ అడుగులు ఉందంటే నీళ్లకి కరువొస్తదేమో అంటుంది, తక్కువ ఉందంటే బస్తా పైకి పెట్టించాలా అంటుంది.